తాతగారి తుపాకి వయసెంత?

పిల్లలూ! పాత నాణెం దొరికితే దాని వయసు చెప్పడం సులువు. సంవత్సరం దాని మీదే అచ్చువేసి ఉంటుంది. మరి పాత తుపాకి వయసు చెప్పడం ఎలా?

మా పదో తరగతి విద్యార్థి ఒకడు సంక్రాంతి సెలవులకు ముందు ఒక కాగితం తెచ్చి నా బల్లమీద పెట్టాడు. వాళ్ళింట్లో తాతగారినాటి రెండు గొట్టాల తుపాకి ఉన్నది. లైసెన్సు వాళ్ళ నాన్న పేర ఉన్నది. గొట్టాల అడుగున చెక్కిన గుర్తులపై కాగితం పరచి, పెన్సిలుతో రుద్ది, ఆయనే ఆ నకలు తీశాడు.

"మాస్టారూ! ఇది లక్షలు చేస్తుందని మా బాబాయి అంటున్నాడు. పండక్కి కొత్త తూటాలు తెచ్చి పేల్చి చూస్తాడట. నిజంగా అంత విలువైనదేనా?" అని అడిగాడు.

విలువ సంగతి తరవాత. నన్ను కలవరపెట్టింది 'పేల్చి చూస్తాడట' అన్న మాట. అందుకే ఆ కాగితాన్ని వెంటనే పరిశీలించాను.

12 అంటే ఏమిటి?

కాగితం మీద ఒక సమచతుర్భుజం, దానిలో 12 అంకె, కింద 'సి' అక్షరం ఉన్నాయి. 12 అంటే 12 మిల్లీమీటర్లు కాదు. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు సరిగ్గా పట్టే గొట్టం '12 బోరు' అన్నమాట.

లెక్క చూడండి. పౌను అంటే 453.6 గ్రాములు. అందులో పన్నెండో వంతు 37.8 గ్రాములు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు. కాబట్టి గుండు ఘనపరిమాణం 3.33 ఘన సెంటీమీటర్లు. గోళం ఘనపరిమాణపు సూత్రం మీకు తెలుసు. దానినుంచి వ్యాసం కడితే సుమారు 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. గుండ్ల సంఖ్య పెరిగితే గుండు చిన్నదవుతుంది. అందుకే 20 బోరు గొట్టం 12 బోరు గొట్టంకంటె సన్నం.

గుర్తులు చెప్పిన వయసు

సమచతుర్భుజం పక్కనే ఇంకో గుర్తు ఉన్నది. ఒకదానిమీద ఒకటి అడ్డంగా ఉన్న రెండు రాజదండాలు, పైన కిరీటం, మధ్యలో బి, పి, సి అక్షరాలు. ఇది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పరీక్షాశాల ముద్ర. నాసిరకం గొట్టాలు పేలి మనుషులు గాయపడకుండా, 1813లో పార్లమెంటు చట్టం ద్వారా ఆ శాలను ఏర్పాటు చేశారు. అక్కడ మామూలుకంటె ఎక్కువ మందు కూరి ప్రతి గొట్టాన్నీ పేల్చి చూసేవారు. తట్టుకొన్న గొట్టానికే ముద్ర పడేది.

రాజదండాల ముద్ర 1813 నుంచి 1904 వరకు వాడారు. సమచతుర్భుజంలో 12, సి ఉన్న ముద్ర 1887 నుంచి 1925 వరకు వాడారు. ఒకే తుపాకి మీద రెండూ ఉన్నాయంటే? మీరు నేర్చుకొన్న సమితుల ఛేదనమే! రెండు కాలాలకూ ఉమ్మడి భాగం 1887–1904. తుపాకికి 120 ఏళ్ళు దాటాయని తేలింది.

లేని గుర్తు

ఉన్న గుర్తులకంటె లేని గుర్తు ముఖ్యమైనది. పూర్వం తుపాకిమందు సురేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసిన నల్లని పొడి. 1884లో ఫ్రాన్సులో పాల్ వియేల్ అనే రసాయనవేత్త పొగరాని మందు తయారు చేశాడు. దానికి తగిన పరీక్షలో నెగ్గిన గొట్టాలమీద 1896 నుంచి బర్మింగ్‌హామ్‌లో 'నైట్రో' అనే ముద్ర వేశారు. మా కాగితంమీద ఆ మాట లేదు. బాబాయి కొనబోయే కొత్త తూటాలలో ఉండేది పొగరాని మందే!

ఇంకొక ప్రమాదం ఉన్నది. నల్లమందుపొడి కాలితే సగానికిపైగా ఘనపదార్థంగా మిగులుతుంది. అందులోని పొటాషియం లవణాలు గాలిలోని తేమను పీల్చి ఇనుమును తుప్పు పట్టిస్తాయి. తుప్పు గీకి నునుపు చేసినప్పుడల్లా గొట్టం గోడ పలుచనవుతుంది. గోడమీద పడే ప్రతిబలం సుమారుగా పీడనాన్ని వ్యాసార్థంతో గుణించి, గోడ మందంతో భాగించినంత. మందం ఒక మిల్లీమీటరునుంచి అరకు తగ్గితే ప్రతిబలం రెట్టింపవుతుంది. పైకి మాత్రం ఏ తేడా కనిపించదు.

చారల గొట్టం

ఆ గొట్టాలమీద నీటి సుడులవంటి గోధుమరంగు చారలు ఉన్నాయట. వీటిని 'డమాస్కస్ గొట్టాలు' అంటారు. ఇనుము, ఉక్కు కడ్డీలను కలిపి మెలిపెట్టి, పట్టీగా సాగదీసి, ఒక కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాచి సుత్తితో అతికేవారు. మన నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసలలో కాచిన ఉక్కు పూర్వం విదేశాలకు వెళ్ళి, డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చింది. ఆ ఉక్కు చారలు ముద్దలోనే పుట్టినవి. గొట్టం చారలు అతుకువల్ల వచ్చినవి. పేరొకటే, పని వేరు. అతుకుల మధ్య చిట్టెం చిక్కుకొంటే అక్కడ గొట్టం బలహీనం.

మరి విలువ?

గొట్టాలమీద చెన్నపట్నం దుకాణం పేరు ఉన్నది. అది అమ్మినవారి పేరే కావచ్చు. చేసినవారి పేరు కానక్కరలేదు. విలువ కట్టేవారు మొదట తయారీదారును చూస్తారు. ఇంగ్లండులోని కొన్ని పెద్ద సంస్థలు తుపాకి వరుస సంఖ్యలను పుస్తకాలలో రాసి ఉంచాయి. ఆ తరవాత భాగాలన్నీ అసలువేనా, గొట్టం మందమెంత, కొయ్య పగిలిందా అని చూస్తారు. తోమి తళతళలాడించిన పాత తుపాకికి విలువ పెరగదు, తగ్గుతుంది!

నేను చెప్పగా వాళ్ళ నాన్న దానిని లైసెన్సున్న తుపాకి మరమ్మతుదారు వద్దకు తీసుకువెళ్ళాడు. ఆయన గొట్టాలను విడదీసి, వేలాడదీసి, మెల్లగా తట్టాడు. గంటలా మోగలేదు, బొంగురుగా పలికింది. రెండు గొట్టాలను కలిపే అతుకు ఊడుతున్నదన్నమాట. కొలిస్తే ఒకచోట గోడ బాగా పలుచబడి ఉన్నది. "ఇది చూడడానికే, కాల్చడానికి కాదు" అన్నాడు. లక్షల ఆశ పోయింది. పండక్కి బాబాయి చేతివేళ్ళు పదీ భద్రంగా ఉన్నాయి!

పిల్లలూ! అటకమీదో పెట్టెలోనో తుపాకి కనిపిస్తే, ఖాళీదని ఎవరు చెప్పినా ముట్టుకోకండి. పెద్దలకు చెప్పండి. లైసెన్సు లేని తుపాకి అయితే పెద్దలు పోలీసులకు తెలియజేయాలి. పాతదానికి చట్టం వర్తిస్తుందో లేదో మనంతట మనం నిర్ణయించుకోకూడదు.

ఇప్పుడు మీకొక లెక్క: 16 బోరు గొట్టం వ్యాసమెంత? మీకు సుమారు 16.8 మిల్లీమీటర్లు వస్తే సరిగ్గా చేసినట్లే.