నిలబడ్డ ఇంటి కింద పునాది తవ్వడమూ చదువే

‘సివిల్‌లో ఏముంది సార్, ఎండలో నిలబడి సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకోవడమేగా!’ అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రులు తరచూ అనే మాట ఇది. పిల్లవాడికి కట్టడాల మీద ఎంత ఇష్టమున్నా సరే, అప్పు చేసైనా సీఎస్‌ఈలో మేనేజ్‌మెంట్ సీటు కొంటున్నారు. సివిల్ ఇంజినీరింగ్‌ను ఇలా తీసిపారేయడం ఎంత తప్పో ఒక్క పనిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

లండన్‌లో స్థలం బంగారం. అందుకే అక్కడ చాలామంది పాత ఇంటిని పడగొట్టకుండా, దాని కిందే బేస్‌మెంట్ కట్టించుకుంటారు. పునాది కింది మట్టిని ఒకేసారి తీస్తే గోడ కూలుతుంది. అందుకని గోడ పొడవును సుమారు మీటరు చొప్పున భాగాలు చేసి నంబర్లు వేస్తారు. పక్కపక్కనే ఉన్న రెండు భాగాలను ఎప్పుడూ కలిపి తవ్వరు. ఒక భాగం కింద గుంత తీసి కాంక్రీటు పోస్తారు. పాత పునాదికి ఆనకుండా రెండు మూడు అంగుళాల సందు వదులుతారు. కాంక్రీటు గట్టిపడ్డాక, తడి తక్కువగా కలిపిన సిమెంటు, ఇసుకను ఆ సందులో దట్టించి కూరతారు. అప్పుడే గోడ బరువు కొత్త పునాది మీదికి దిగుతుంది. ఆ తర్వాతే దాని పక్క భాగం జోలికి వెళ్తారు. లోపలి గోడలను మోయాల్సిన చోట రంధ్రాలు చేసి, ఉక్కు దూలాలు దూర్చి, కింద జాకీలు పెడతారు.

దీన్ని అండర్‌పిన్నింగ్ అంటారు. ఏ భాగం ముందు తవ్వాలి, ఎంతసేపు ఆగాలి, నీరు ఊరితే ఏం చేయాలి అన్నవి తేల్చాల్సింది సివిల్ ఇంజినీరే. ఆ ఇంటి భద్రత అతని లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ విద్య మనకూ అవసరమే. 2024 నవంబరులో హైదరాబాద్ సిద్దిక్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది గుంతలు తీయడంతో బహుళ అంతస్తుల భవనం ఒరిగిపోయింది. చివరికి దాన్ని కూల్చేయాల్సి వచ్చింది. రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లమైపోయిన చోట జాకీలు పెట్టి ఇళ్లు లేపించుకునేవారు మన ఊళ్లలోనూ ఉన్నారు. మట్టిని చదవగలిగినవాళ్లు కావాలి.

సివిల్‌లోకి దారులు ఇవి. పదో తరగతి తర్వాత పాలీసెట్‌తో డిప్లొమా, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాది. ఇంటర్ ఎంపీసీ వాళ్లకు ఈఏపీసెట్. ఆపైన గేట్‌తో జియోటెక్నికల్ లేదా స్ట్రక్చరల్ ఎంటెక్. నేనైతే డిప్లొమా దారికే ఓటేస్తాను. ఆ పిల్లలకు డ్రాయింగ్, సర్వే చిన్న వయసులోనే చేతికి వస్తాయి. బీటెక్ అయ్యాక రెండేళ్లు సైట్‌లో పనిచేసి ఎంటెక్‌లో చేరినవాళ్లకు పాఠం ఇంకా బాగా ఎక్కుతుంది.

ఇక జాగ్రత్తలు. స్టాడ్, రెవిట్ లాంటి సాఫ్ట్‌వేర్లు నేర్పి ‘ఉద్యోగం గ్యారంటీ’ అంటూ భారీగా ఫీజులు గుంజే సంస్థలను నమ్మకండి. మట్టి బలం తప్పుగా ఇస్తే సాఫ్ట్‌వేర్ ఇచ్చే జవాబూ తప్పే. ఆ తేడా కనిపెట్టడం నేలను పరీక్షించినవాడికే తెలుస్తుంది. ముందు సాయిల్ మెకానిక్స్ గట్టిగా చదవండి.

ప్రభుత్వ ఏఈఈ పోస్టు కోసం కోచింగ్ గదుల్లో ఏళ్లకేళ్లు గడపడం ఇంకో ఉచ్చు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు. ఉద్యోగం చేస్తూ చదవండి. లండన్ పనుల గురించి విని, ఇల్లు తాకట్టు పెట్టి బ్రిటన్‌లో ఎమ్మెస్సీకి పంపే తల్లిదండ్రులకూ ఒక మాట. అక్కడ చదువు అయినంత మాత్రాన ఉద్యోగం, వీసా రాసిపెట్టి ఉండవు. సైట్ అనుభవం లేని కొత్త పట్టా మీద అంత అప్పు పెట్టకండి.

పిల్లల మీద మీ భయాలు రుద్దకండి. సీటు కొనేముందు ఒక వారం అబ్బాయినో అమ్మాయినో తెలిసిన ఇంజినీరు వెంట సైట్‌కు పంపండి. పునాది గుంత దగ్గర నిలబడి ప్రశ్నలు అడిగే పిల్లలైతే, సివిల్‌లో చేరతామన్నప్పుడు అడ్డుపడకండి.