బీమ్‌కు రింగులే కాపలా

ప్రశ్న: వైబ్రేటర్ అక్కర్లేని సెల్ఫ్ కంపాక్టింగ్ కాంక్రీట్ పోస్తే బీమ్‌లు కోత బలాన్ని తట్టుకుంటాయా?
– ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: తట్టుకుంటాయి, రింగులు సరిగా కడితే. పిల్లర్ దగ్గర బీమ్ ఏటవాలుగా పగిలితే, రెండు ముఖాల్లో పొడుచుకొచ్చిన కంకర ఒకదాన్నొకటి పట్టుకుని జారనివ్వదు. తనంతట తానే పారే ఈ కాంక్రీట్‌లో కంకర తక్కువ, సైజూ సాధారణంగా చిన్నదే. అందుకే పగులు మీ ఊరి పలకరాయి పొరలా కాస్త నునుపుగా ఉండి, ఆ పట్టు కొంత తగ్గుతుంది. రింగుల్లేని బీమ్‌లలోనే ఈ తేడా బాగా తెలుస్తుంది. ఐ.ఎస్. 456 ప్రకారం నిలువు రింగుల ఎడం బీమ్ ప్రభావక లోతు (ఎఫెక్టివ్ డెప్త్)లో ముప్పావు వంతు, లేదా 300 మి.మీ., ఏది తక్కువైతే అది దాటకూడదు. పిల్లర్ల దగ్గర ఇంకా దగ్గరగా కట్టించండి. మామూలు మాలులో నీళ్లు గుమ్మరిస్తే పారుతుంది గానీ బలం పడిపోతుంది. అది సెల్ఫ్ కంపాక్టింగ్ కాదు, దయచేసి ఒప్పుకోకండి.