శిశువు చేతికి ఏ బొమ్మ?

తిరుచానూరు కార్తిక బ్రహ్మోత్సవములలో బొమ్మల అంగడి ముందు నిలిచిన బిడ్డ రంగును చూచును. పెద్దలు చూడవలసినది వేరు. మూడేండ్లలోపు శిశువు ప్రతి వస్తువును నోట పెట్టుకొనును. కావున ఊడివచ్చు చిన్న భాగములు, పదునైన అంచులు, రాలిపోవు రంగు గల బొమ్మ పనికిరాదు.

2021 జనవరి 1 నుండి మన దేశములో బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరియైనది, నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు మినహాయింపు కలదు. అట్టి వానిని కొనువారే పరీక్షించుకొనవలెను. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మలను అంకుడు కర్రతో, లక్కతో, సహజ వర్ణములతో చేయుదురు.

కొంచెము పెద్దయిన బిడ్డ లక్కపిడతలతో ఆడుచు లెక్కించుట, పంచుకొనుట నేర్చును. మీట నొక్కగానే తనంత తాను ఆడు బొమ్మ ముందు బిడ్డ ప్రేక్షకుడు మాత్రమే. ఇంట తమ్ములు, చెల్లెండ్రు గల విద్యార్థులారా! తానే ఆడు బొమ్మ కన్న, బిడ్డ ఆడించు బొమ్మయే మేలు.