పక్క సీటు వాళ్లతో మాట కలపాలంటే బెరుకు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చాను. రోజూ మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో వెళ్తాను. పక్కవాళ్లను పలకరించాలని ఉంటుంది. ఏమనుకుంటారో, ఎలాంటివారోనని నోరు పెగలదు. ఏం చేయాలండీ?

జవాబు: మీ పక్కావిడ కూడా ఇదే అనుకుంటూ ఫోన్‌లో తల దూర్చి ఉండొచ్చమ్మా! షికాగో పరిశోధకులు నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ రైళ్లు, బస్సుల్లో వెళ్లేవారిలో కొందరిని పక్కవారితో మాట్లాడమన్నారు, కొందరిని మౌనంగా ఉండమన్నారు. మాట్లాడితే ప్రయాణం చికాకేనని ప్రయాణికుల అంచనా. తీరా మాట్లాడినవారే హాయిగా వెళ్లామన్నారు. ఆ అధ్యయనం 2014లో అచ్చయింది. కొత్తవారితో మాట్లాడాక కూడా, మనం వాళ్లకు నిజంగా నచ్చినంత నచ్చలేదనే అనుకుంటామని 2018లో మరో బృందం తేల్చింది. అంటే మన ఊహే మనకు ఎక్కువ అడ్డం.

అయితే ఆడపిల్లల జాగ్రత్త ఊరికే పుట్టింది కాదు. దాన్ని నేను పిరికితనమనను. అందుకే మహిళలకు కేటాయించిన చోట మొదలుపెట్టండి. "అమీర్‌పేటలో కాస్త ఖాళీ అవుతుందాండీ?" చాలు. మన ప్యాసింజర్ రైళ్లలోలా అయిదు నిమిషాల్లో జీతం, పెళ్లి, కులం దాకా మాత్రం వెళ్లకండి! ఉండే హాస్టల్, ఫోన్ నంబరు చెప్పనక్కర్లేదు. ఆవిడ ముక్తసరిగా బదులిచ్చి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే వదిలేయండి, అలసిపోయి ఉంటారు. ఎవరైనా మరీ గుచ్చి గుచ్చి అడిగితే "నా స్టేషన్ వచ్చింది" అని లేచి పక్క పెట్టెలోకి మారిపోండి. ఆ అబద్ధం పాపం కాదు.