గణారాధన – లింగైక్యులకు వీడ్కోలు సభ

వీరశైవ గృహములలో ఒకరు కన్నుమూసినప్పుడు “మరణించిరి” అని చెప్పరు, “లింగైక్యమైరి” అందురు. ఈ మాట కేవలము మర్యాద కొరకు వాడునది కాదు. భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య అను షట్స్థలములలో కడపటిది ఐక్యస్థలము. అంగము లింగమున కలిసినదని నమ్మిన ఇంట మైల యెక్కడిది? లింగధారికి జనన, మరణ, రజస్, ఉచ్ఛిష్ట, జాతి సూతకములు అయిదును లేవని బసవాది శరణుల బోధ. అయినను అనేక కుటుంబములు ఇరుగుపొరుగు వారి ఆచారమును చూచి, ఆ దినములలో పొయ్యి వెలిగించుటకును లింగపూజ చేయుటకును సంకోచించుచున్నవి. పూజ మానవలసిన దినములు కావవి. ఇంటి పెద్ద వెళ్లిన సాయంకాలము మిగిలినవారందరు ఒకచోట కూర్చుండి ఇష్టలింగమును అరచేత నుంచుకొనుటయే ఆ ఇంటివారిచ్చు మొదటి వీడ్కోలు.

ఆ మొదటి దినమున కుటుంబము ఆలోచించి నిర్ణయింపవలసినది స్వల్పము. స్నానము, విభూతిధారణ, రుద్రాక్షలు, దేహమును ఆసీనముగా నుంచుట, పువ్వులతో అలంకరించిన విమానములో భజనతో ఊరేగించుట, ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి విభూతి బిల్వపత్రములతో సమాధి చేయుట – వీనినన్నిటిని గురువులును, జంగమయ్యలును, ఊరిపెద్దలును ఎరుగుదురు. ప్రాంతమునుబట్టి చిన్న భేదములుండును. ఒక్క సంగతి మాత్రము గమనింపదగినది. జీవితమంతయు మెడలో నుండిన లింగము ఆ వ్యక్తితోనే వెళ్లిపోవును. అది ఆస్తివలె కొడుకునకు రాదు, మనుమనికి రాదు. ఇంట మిగులునవి కాయకపు గురుతులు: నేతగాని నాడె, రైతు ముల్లుకఱ్ఱ, ఉపాధ్యాయుని కళ్లజోడు, ఇంటి యజమానురాలి కవ్వము. గణారాధన ఎట్లు జరుపవలెనని యోచించువారు ఈ మిగిలిన వస్తువుల యొద్దనుండి ఆరంభించుట మేలు.

గణమనగా శివగణము, శరణుల సమూహము. వెళ్లినవారు ఆ గణమున చేరిరన్న భావముతో, ఎదుట నున్న గణమును విభూతితోను, జంగమార్చనతోను, ప్రసాదముతోను సత్కరించుటయే గణారాధన. కొందరు దీనిని శ్రాద్ధమునకు మారుగా జరుగు భోజనమని తలంతురు. అది పొరపాటు. లింగమున కలిసినవారికి ఆకలి లేదు. దారి బత్తెము అక్కఱలేదు. ఆకలియు దుఃఖమును ఇక్కడ మిగిలినవారివే. కావున ఈ సభ కూర్చవలసినది వారి కొరకు.

జహీరాబాదు ప్రాంతమున ఒక కిరాణా వర్తకుడు లింగైక్యుడైనాడనుకొందము. వయస్సు డెబ్బది దాటినది. ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. తొమ్మిదవనాడు గణారాధన అని నిర్ణయమైనది. పెద్ద కుమారుడు రెండువేలమందికి భోజనము, షామియానాలు, మైకుసెట్టు, వీధి పొడవున ఫ్లెక్సీ బొమ్మలు కావలెననును. క్రిందటి సంవత్సరము ఊరిలో ఒక బంధువునకు అట్లే జరిగినది గదా! చేతనున్న రొక్కము చాలదు. రెండెకరముల చేను కుదువబెట్టవలెను. చిన్న కుమారుడు హైదరాబాదున ఉద్యోగి. సెలవు లేదు, మఠమున కొంత సొమ్ము చెల్లించి ఒక పూటలో ముగింపవచ్చునని ఆతని యోచన. ఇద్దరును తండ్రి యెడల ప్రేమ గలవారే. వాదన పెరిగి మాటలు ముదిరినవి. ఇద్దరును తల్లిని మాత్రము అడుగలేదు.

అడిగినచో ఆమె ఏమి చెప్పును? “మీ నాయన ఒకరికి బాకీ లేకుండ బ్రతికినాడు. ఆయన పేరు మీద మీరు బాకీ పడకండి.” ఈ మాట చెప్పి ఆమె ఇనుపపెట్టెలోని పాత ఖాతాపుస్తకము తెచ్చి ముందుంచును. వానలు లేని ఏండ్లలో అరువు తీసుకొన్నవారి పద్దులపై అడ్డగీతలు కనబడును. అవి వసూలైన పద్దులు కావు, వదలివేసినవి. ఆ వర్తకుడు దానిని దాసోహమని పిలువలేదు. ఇంటిలో సహితము చెప్పలేదు. సంతనాడు కొట్టు ముందు నీళ్లకుండయు, పక్కన బెల్లపుముక్కలును ఉంచుట మాత్రము ఊరందరు చూచినదే.

ఇక సభకు రూపము దానంతటదియే దొరకును. ఎవరిని పిలువవలెను? ఊరి ప్రముఖులకంటె ముందు ఆ పుస్తకములోని ఇండ్లవారిని, కులభేదము లేకుండ. ఏమి వడ్డింపవలెను? ఆయన ఇష్టముగా భుజించిన జొన్నరొట్టె, పప్పు, బెల్లపు పాయసము. ఎందరికి? చేతనున్న రొక్కమునకు సరిపడునందరికి. వాకిట ఆ నీళ్లకుండయే యుండవలెను. వచ్చినవారందరు దానినుండియే త్రాగవలెను. చేను కుదువబెట్టవలసిన పని లేదు, ఒక పూటలో ముగించి వెళ్లవలసిన పనియు లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. అడ్డగీతల సంగతి సభలో చెప్పవచ్చును, పేర్లు చదువరాదు. వచ్చినవారి తల వంచునట్టి పొగడ్త దాసోహమును చెఱచును.

అప్పుచేసి పెట్టు విందును గూర్చి శరణుల చరిత్రలో స్పష్టమైన దృష్టాంతము కలదు. ఆయ్దక్కి మారయ్య కల్యాణమున నేలరాలిన బియ్యము ఏరుకొని వచ్చుటను కాయకముగా చేసికొని, దానితో జంగమ దాసోహము సాగించెడివాడు. ఒకనాడు ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆతని భార్య లక్కమ్మ, నిత్యము తెచ్చునంతకు మించినది మనకు తగదని, మిగులు బియ్యమును తిరిగి అచటనే పోసి రమ్మని పంపెను. దాసోహము కొరకే యైనను మించినది లోభమని ఆమె భావము. బీదరాలైన ఆ గృహిణి భర్తను సరిదిద్దగా, ఆ మాటను శరణులు గౌరవించిరి. రెండువేల విస్తళ్ల కొరకు చేను తాకట్టు పెట్టువారు లక్కమ్మ కథను పిల్లలకు ఏ ముఖముతో చెప్పగలరు?

సభలో ఏమి మాటలాడవలెనన్నది మఱియొక చిక్కు. సాధారణముగా ఒక పెద్ద లేచి “వారు సద్గుణసంపన్నులు, దానశీలురు, మృదుభాషులు” అని చెప్పును. ఆ మాటలు ఎవరికైనను సరిపోవును; కావున ఎవరికిని చెందవు. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో బసవపురాణము రచించినప్పుడు భక్తుల కథలను ఎట్లు నిలిపెనో చూడవలెను. బెజ్జమహాదేవి యనగా శివునకు తల్లి లేదే యని జాలిపడి తానే తల్లియైన స్త్రీ. గొడగూచి యనగా పాలు త్రాగమని శివుని బతిమాలి యేడ్చిన బాలిక. ఒక్కొక్కరికి ఒక్కొక్క పని. దానితోనే వారు ఇన్ని శతాబ్దములు నిలిచిరి. ఇంటివారును ఇదే విధముగా అయిదారుగురిని ముందుగా కోరి, ఒక్కొక్కరు తాము కన్నులార చూచిన ఒక్క సంగతిని చెప్పునట్లు ఏర్పాటు చేయవచ్చును. కొట్టులో పనిచేసిన గుమాస్తా ఒకడు, పొరుగు స్త్రీ ఒకరు, చిన్ననాటి స్నేహితుడొకడు, మనుమరాలొకతె. కోపిష్ఠియైన మనుష్యుని కోపమును గూర్చియు చెప్పవచ్చును; విన్నవారు నవ్వుదురు, కన్నీరును పెట్టుకొందురు. సంపూర్ణ పురుషుడని వర్ణించినచో ఇంటివారే ఆయనను గుర్తుపట్టలేరు.

వచనగానమునకు కూడ ఇదే నియమము. ఆ ఇంటిలో నిత్యము వినబడిన వచనములనే పాడించవలెను. సరిహద్దు ప్రాంతముల కుటుంబములలో పెద్దలు కన్నడమున పాడుదురు. పట్టణములలో పెరిగిన పిల్లలకు అర్థము కాదు. పాడిన పిమ్మట ఒకరు తెలుగున భావము చెప్పినచో తాతగారు ఏమి పాడెడివారో మనుమలకు మొదటిసారిగా తెలియును. ఆ తెలియుట చాల ఆలస్యమైనదే, కాని వ్యర్థము కాదు.

భార్య స్థానమును గూర్చి మొగమాటము లేకుండ చెప్పవలసియున్నది. కొన్ని యిండ్లలో ఆమెను లోపలి గదిలో కూర్చుండబెట్టి, విభూతి పళ్లెరమును ఇతరులచేత పంచించుచున్నారు. భర్త లింగైక్యుడైనంత మాత్రమున ఆమె మెడలోని లింగము తొలగలేదు, విభూతి తొలగలేదు. అమంగళమను మాట లింగధారిణికి వర్తించినచో లింగమునకే వర్తించును. జంగమయ్య పాదములకు మొదట నీరు పోయవలసినదియు, వచ్చినవారికి మొదటి విభూతి ఈయవలసినదియు ఆమెయే. ఆమెకు శక్తి లేకున్నను, ఇష్టము లేకున్నను బలవంతము వలదు. కాని అడుగక పక్కకు నెట్టుట తగదు.

వెళ్లువారి కోరికను వారుండగనే తెలిసికొనుట అన్నింటికంటె మేలు. ఇంట ఈ ప్రస్తావన తెచ్చుటకు చాలమంది వెనుదీయుదురు, అపశకునమందురు. మహాత్ములు వెనుదీయలేదు. తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శివకుమార స్వామివారు 2019 జనవరి 21న, 111 ఏండ్ల వయస్సున లింగైక్యులైరి. మఠమున చదువుకొను పిల్లలు భోజనము చేయకముందు తమ వార్త చెప్పరాదని వారు ముందే ఆదేశించియుండిరి. పిల్లల మధ్యాహ్న భోజనమైన పిమ్మటనే వార్త వెల్లడించిరి. త్రివిధ దాసోహమునకు అంకితమైన జీవితమునకు అంతకంటె తగిన వీడ్కోలు ఏ వేదికపైనను జరుగదు. విజయపురము జ్ఞానయోగాశ్రమమునకు చెందిన సిద్ధేశ్వర స్వామివారు 2023 జనవరి 2న దేహము చాలించిరి. తమకు సమాధి వలదు, స్మారకము వలదు, దేహమును అగ్నికి అర్పింపుడని వారు 2014లోనే వ్రాసియుంచిరి. సమాధి చేయుట ఆచారముగా గల సమాజమున ఇది కొందరికి కష్టముగా తోచియుండవచ్చును. అయినను శిష్యులు ఆ వ్రాతను పాటించిరి.

గృహస్థులకు అంత పెద్ద పత్రము అక్కఱలేదు. ఏ వచనములు పాడవలెను, ఖర్చు ఎంతకు మించరాదు, ఎవరికి కబురు తప్పక పంపవలెను, ఎవరితో నున్న తగవును ఆనాటితో విడువవలెను – ఇంతమాత్రము ఒక కాగితమున వ్రాసి పూజాగృహమున నుంచిన చాలును. కిరాణా వర్తకుని ఇంటిలో అట్టి కాగితము లేదు. ఖాతాపుస్తకమున్నది, అడ్డగీతల అర్థము తెలిసిన భార్య యున్నది. ఆమెను మొదటి దినముననే అడిగినచో అన్నదమ్ముల వాదన ఆనాడే ముగిసెడిది.