కాడ్మియం తట్టుకోలేని మొక్క

మొక్క వేళ్ళతో నీటినీ, లవణాలనూ పీల్చుకుంటుందని మీకు తెలుసు. జింకు, మాంగనీసు వంటి లోహాలు దానికి కొద్దిగా కావాలి. వాటి దారినే కాడ్మియం అనే భారలోహం కూడా లోపలికి చొరబడుతుంది. అది మొక్కకు విషం. అయినా చాలా మొక్కలు కొంతవరకు దానిని తట్టుకుంటాయి. ఎలా?

1985లో జర్మనీ శాస్త్రజ్ఞులు మన సర్పగంధి మొక్క కణాలను కాడ్మియం కలిపిన ద్రావణంలో పెంచి, వాటిలో ఒక పదార్థాన్ని కనుగొన్నారు. దానికి ఫైటోకీలాటిన్ అని పేరు పెట్టారు. గ్రీకులో ‘ఫైటో’ అంటే మొక్క, ‘కీలే’ అంటే పీత ముందుకాలు. పీత ఆ కాలితో దేనినైనా ఎలా ఒడిసిపడుతుందో మీరు చూసే ఉంటారు. ఈ పదార్థంలోని గంధకం కాడ్మియాన్ని అలాగే పట్టుకుంటుంది. కణం ఆ మూటను రిక్తిక అనే తిత్తిలోకి నెట్టివేస్తుంది.

మొక్కను నిజంగా కాపాడేది ఇదేనా? ఇది లేని మొక్క దొరికితే గాని తేలదు. ఆస్ట్రేలియాలో క్రిస్టొఫర్ కాబెట్, ఆయన సహచరులు 1990లలో ఆ పనికి పూనుకున్నారు. ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క విత్తనాలలో జన్యుమార్పులు కలిగించారు. మొలకలకు కాడ్మియం తగిలించి, వేరు గోధుమరంగుకు మారి ఎదుగుదల ఆగినవాటిని ఏరారు. అలా దొరికిన ఒక రకంలో ఫైటోకీలాటిన్ లేదు. దానిని మామూలు మొక్కతో సంకరపరిస్తే మొదటి తరమంతా కాడ్మియాన్ని తట్టుకుంది. రెండవ తరంలో సుమారు నాలుగింట ఒక మొక్క తట్టుకోలేకపోయింది. మెండల్ బఠానీలు గుర్తుకు వచ్చాయా? లోపం ఒక్క జన్యువులోనే ఉందన్నమాట. ఫైటోకీలాటిన్‌ను తయారుచేసే ఎంజైము జన్యువు అదేనని 1999లో తేలింది.

అయితే ఒక చిక్కు ఉంది. విషాన్ని తట్టుకోవడం మొక్కకు మేలే. మరి దానిని తినేవారికి? జపాన్‌లో గని నుంచి వచ్చిన కాడ్మియం జింజూ నదిలో కలిసి పొలాలకు చేరింది. వరి పైరు పండింది గాని, గింజలో విషం చేరింది. ఆ బియ్యం ఏళ్ళ తరబడి తిన్నవారికి, ముఖ్యంగా స్త్రీలకు, మూత్రపిండాలు చెడి ఎముకలు విరిగాయి. ‘ఇతాయి, ఇతాయి’ అంటే ‘నొప్పి, నొప్పి’. రోగుల మూలుగే జబ్బు పేరైంది. అది కాలుష్యం తెచ్చిన జబ్బని ప్రభుత్వం 1968లో అంగీకరించింది.

వరి వేరులోకి కాడ్మియం ముఖ్యంగా మాంగనీసు ద్వారం గుండా వస్తుంది. ఆ ద్వారపు జన్యువు చెడిన కోషిహికారి వరిని 2012లో జపాన్ శాస్త్రజ్ఞులు వెలువరించారు. అరబిడాప్సిస్‌లో జన్యువు చెడితే మొక్కకు కీడు. ఇక్కడ చెడితే మనిషికి మేలు! కాడ్మియం ఉన్న పొలంలో పండినా దాని గింజలో ఆ లోహం దాదాపు కనిపించలేదు. మొక్కలో మాంగనీసు కూడా తగ్గింది గాని, దిగుబడి తగ్గలేదు.