మోటారు బండి కోడులను చదువు విధము

జహీరాబాదు ప్రాంతమున మునుపు ఎడ్లబండి నిలిచిన చోట నేఁడు పికప్పు బండి నిలుచుచున్నది. ఆలుగడ్డలో, అల్లమో నింపుకొని 65వ నంబరు జాతీయ రహదారిపై హైదరాబాదునకు బయలుదేరిన బండి, సదాశివపేట చేరక మునుపే ఇంజను బొమ్మ గల పసుపు దీపము వెలిగించి, బలము తగ్గి మూలుగుట పలువురకు అనుభవమే. అట్టి వేళ షెడ్డులో “పంపు పోయినది” అన్న మాటపై వేల కొలది రూపాయలు వెచ్చించి, వారము తిరుగక మునుపే మరల అదే దీపమును చూచిన సభ్యులు మనలో లేకపోలేదు. కావున ఆ దీపము వెనుక నున్న సంగతిని, రైతు తనంత తాను తెలిసికొనఁదగినంత వఱకు, ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము.

నేటి ఇంజనును నడుపునది ఒక చిన్న కంప్యూటరు. నీటి వేడిని, లోనికిఁ బోవు గాలిని, డీజిలు ఒత్తిడిని సెన్సారులనెడి చిన్న పరికరములు కొలిచి, తీగల ద్వారా దానికి తెలుపుచుండును. వచ్చిన కొలత ఉండవలసిన హద్దు దాటినచో కంప్యూటరు ఒక కోడును తనలో వ్రాసికొని దీపము వెలిగించును. ఈ యేర్పాటు పొగను అదుపులో నుంచుటకై పుట్టినదే గాని మరమ్మతు చేయువాని సౌకర్యమునకై పుట్టినది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1988లో దీనిని మొదట విధించెను. 1996 నుండి ఆ దేశమున అమ్మఁబడు క్రొత్త కార్లన్నిటికిని ఒకే తీరు ప్లగ్గు, ఒకే తీరు కోడులు ఏర్పడెను. మన దేశమున 2020 ఏప్రిలు 1 మొదలు అమలునకు వచ్చిన భారత్ స్టేజి 6 కార్లకును పికప్పులకును ఇది తప్పక ఉండును; అంతకు ముందు కొన్నియేండ్ల బండ్లలోను పెక్కింటికి కలదు. స్టీరింగు క్రింద, డ్రైవరు మోకాలి దాపున, 16 రంధ్రములు గల ప్లగ్గు అదియే. దానికి తగిలించి చేతిఫోనులో చదువుకొను చిన్న పరికరము కొద్ది వందల రూపాయలకే దొరకుచున్నది.

కోడునందు ఒక ఇంగ్లీషు అక్షరము, దాని వెంట నాలుగు స్థానములు ఉండును. పి అనఁగా ఇంజను, గేర్లు. సి అనఁగా బ్రేకులు మున్నగు క్రింది భాగము. బి అనఁగా బండి పైభాగము, గాలిసంచులు. యు అనఁగా కంప్యూటరుల నడుమ సంభాషణ. అక్షరము తరువాతి అంకె 0 అయినచో ఆ కోడు అన్ని కంపెనీలకు సమానము. 1 అయినచో ఆయా కంపెనీ తన కొఱకు ఏర్పఱచుకొన్నది. దాని యర్థమును ఆ కంపెనీ పుస్తకముననే చూడవలెను, ఇతర పట్టికలను నమ్మరాదు. బ్రేకుల కోడులను, గాలిసంచుల కోడులను చదివి వ్రాసికొనుట వఱకే మన పని. వానిని విప్పుట నేర్చినవానికి విడువవలెను.

ఇఁక ముఖ్యమైన సంగతి. రోగి కడుపు పట్టుకొని నొప్పి యన్నంత మాత్రమున వైద్యుఁడు కడుపు కోయఁడు; నాడి చూచి, తిన్నదేమో అడుగును. కోడును కూడ ఆ నొప్పి వలెనే చూడవలెను. కొలత ఎక్కడ చెడినదో అది చెప్పును. ఏ సామాను చెడినదో చెప్పదు. షెడ్డులో డబ్బు పోవుట పెక్కుసారులు ఈ భేదము తెలియకపోవుట చేతనే.

పి 0118 అను కోడు తీసికొందము. ఇంజను నీటి వేడి సెన్సారు నుండి వచ్చు విద్యుత్తు హద్దు మీఱి హెచ్చుగా నున్నదని దాని భావము. దీనిని చదివి, నీరు కాఁగిపోవుచున్నదని రేడియేటరు విప్పినవారు కలరు. నిజమునకు సంగతి తలక్రిందులు. కంప్యూటరు ఆ సెన్సారునకు 5 వోల్టులు పంపును. నీరు వేడెక్కిన కొలఁది సెన్సారు ఆ వోల్టులను తగ్గించును. తీగ తెగినచో తగ్గించువారు లేక 5 వోల్టులు అట్లే నిలుచును. కంప్యూటరు దానిని మిక్కిలి చలిగా భావించును. అప్పుడు పరికరములో నీటి వేడి −40 డిగ్రీలని కానవచ్చును. మే నెల జహీరాబాదులో −40 డిగ్రీల నీరెక్కడిది? కావున బానెట్టు తెఱచి తీగను వెంబడించి చూడుఁడు. ధాన్యపు కొట్టము ప్రక్క నిలిపిన బండిలో ఎలుక కొఱికిన గుర్తు పలుమాఱు అక్కడనే దొరకును. తీగ బాగున్నచో, సెన్సారు ప్లగ్గు ఊడఁదీసి, దాని రెండు తీగల కొనలను చిన్న తీగ ముక్కతో కలుపుఁడు; రెండే తీగలు గల సెన్సారునకే ఈ పరీక్ష. అంకె ఒక్కసారిగా నూఱు డిగ్రీలు దాటి పోయినచో తీగలును కంప్యూటరును మంచివి, సెన్సారే చెడినది. అప్పుడే క్రొత్తది కొనవలెను.

డీజిలు బండ్లలో ఎక్కువ ఖర్చు తెచ్చునది పి 0087. డీజిలు గొట్టములో ఒత్తిడి చాలదని దీని యర్థము. పెద్ద పంపు వెల హెచ్చు. అందుచేత మొదట దానిని నిందించుట షెడ్డులకు అలవాటు. అయితే ఆ పంపునకు డీజిలు చేరవలెను గదా! మొదట ఫిల్టరు చూడవలెను. డ్రమ్ములలో నిలువ యుంచిన డీజిలు పోయు రైతు బండిలో నీరు, నలుసు త్వరగా చేరును. ఇంజను ఆపి ఫిల్టరు అడుగు మర నుండి నీరు వదలుట, గడువు మీఱిన ఫిల్టరు మార్చుట, గొట్టముల అతుకుల వద్ద గాలి చొఱబడుచున్నదేమో చూచుట: ఈ మూఁడును తక్కువ ఖర్చుతో తీఱు పనులు. వీనితో తీఱనప్పుడే పంపు మాట. ఒక హెచ్చరిక: ఇంజను నడుచుచుండఁగా పెద్ద పంపు వెనుక నుండి పోవు ఉక్కు గొట్టముల నట్టులు ఎన్నఁడును వదలించరాదు. అందలి డీజిలు చదరపు అంగుళమునకు 20,000 పౌండ్లకు పైఁబడిన ఒత్తిడిలో నుండవచ్చును. సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికిఁ బోవును. అట్లు తగిలినచో గాయము చిన్నదిగా కనఁబడినను వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవలసినదే.

భారత్ స్టేజి 6 డీజిలు బండ్లకు పి 2463 క్రొత్త బెడద. పొగగొట్టములోని జల్లెడలో మసి నిండినదని దాని భావము. ఊరి నుండి పొలమునకు, పొలము నుండి ఊరికి మాత్రమే తిరుగు బండిలో ఆ మసి కాలుటకు తగిన వేడి పుట్టదు. యజమాని పుస్తకములో చెప్పిన రీతిని రహదారిపై కొంతసేపు నిలుకడ వేగముతో నడిపిన పెక్కుసారులు అదియే కాలిపోవును. దీపము లక్ష్యపెట్టక నెలల తరబడి నడిపినచో ఆ జల్లెడయే మార్చవలసి వచ్చును. ఆ ఖర్చు ఒక పంట రాబడిని తినివేయఁగలదు.

ఒకదానితో ఒకటి పొందిక లేని కోడులు నాలుగైదు ఒక్కసారి వచ్చినచో బెదరవలదు. బ్యాటరీ కొనలు తుప్పు పట్టినవేమో, బాడీకి బిగించిన ఎర్తు తీగ వదులైనదేమో ముందు చూడుఁడు. ఆపిన ఇంజనులో బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, నడుచునపుడు 13.5 నుండి 14.5 వఱకు చూపవలెను.

ట్రాక్టరు సంగతి వేఱు. మన జహీరాబాదులోనే 2013 నుండి మహీంద్రా వారి ట్రాక్టరులు తయారగుచున్నను, 50 అశ్వశక్తులకు లోపలి ట్రాక్టరులలో పెక్కింటికి కంప్యూటరే లేదు. వానికి కోడులును లేవు. 2023 జనవరి నుండి కఠినమైన పొగ విధి వర్తించిన పెద్ద ట్రాక్టరులకు కలవు గాని వాని కోడుల తీరు వేఱు. కారు పరికరము అక్కడ పనికిరాదు.

తుదకు కోడు చెఱపుట గూర్చి. పరికరములోని మీట నొక్కిన దీపము ఆఱును, తప్పు మాత్రము ఉన్నచోటనే ఉండును. చెఱపి డబ్బు పుచ్చుకొను షెడ్డును గుర్తించుట సులభము: రెండు మూఁడు దినములలో దీపము తిరిగి వెలుగును. పైగా తప్పు పుట్టిన క్షణమున బండి వేగము, ఇంజను వేడి మున్నగు వానిని కంప్యూటరు కోడుతో పాటు దాఁచి యుంచును. చెఱపిన అదియు పోవును. కావున షెడ్డునకుఁ బోవుటకు ముందే చదివి వ్రాసికొనుఁడు. ప్రతి సంఘమును ఒక పరికరమును, ఒక నోటు పుస్తకమును ఉంచుకొనిన చాలును. అందు తేదీ, బండి తిరిగిన కిలోమీటరులు, కోడు, ఆ క్షణపు అంకెలు, చేసిన పరీక్ష, మార్చిన సామాను, దాని వెల వరుసగా వ్రాయవలెను. అదే తరహా బండి గల మఱొక సభ్యునకు అదే కోడు వచ్చిననాఁడు మొదట ఆ పుట తిరుగవేయవచ్చును.